లెక్క చూస్తే రాదు, రాస్తేనే వస్తుంది

రోజూ మిర్చి గురించి, నల్లతామర పురుగు గురించి రాసేవాణ్ణి, ఇవాళ అకౌంట్స్ పరీక్ష గురించి రాస్తున్నానని నవ్వుకోకండి. మీ ఇంట్లో కామర్సు చదివే పిల్లలుంటే కొంచెం ఓపిగ్గా చివరిదాకా చదవండి.

మా పెద్దమ్మాయి ఇంటర్‌లో సీఈసీ చదివి సీఏ ఫౌండేషన్‌కి కట్టింది. నాలుగు పేపర్లు, ఒక్కోటి 100 మార్కులు. ప్రతి పేపర్లో 40 రావాలి, మొత్తం కలిపి 200 రావాలి. మొదటిసారి మూడింట్లో గట్టెక్కింది గానీ అకౌంటింగ్‌లో 31 దగ్గర ఆగిపోయింది. ఒకటి పోతే ఆ ఒక్కటే రాస్తే సరిపోదు, నాలుగూ మళ్లీ రాయాల్సిందే.

ఆ రోజు నేను నోరు జారాను. "ఎప్పుడు చూసినా ఫోన్ పట్టుకుని కూర్చుంటే ఇంతే అవుద్ది" అన్నాను. తను ఏం మాట్లాడలేదు. రాత్రి అన్నాలయ్యాక ఐదు నోటు పుస్తకాలు తెచ్చి నా ముందు పెట్టింది. "చదవలేదన్నావుగా నాన్నా, చూడు" అంది.

చూశాను. ముత్యాల్లాంటి రాత. ఒక్క కొట్టివేత లేదు. అక్కడే నాకు అనుమానం వచ్చింది. నా పెట్టుబడి లెక్కల పుస్తకంలో పేజీకి పది కొట్టివేతలుంటాయి. "ఇవన్నీ నువ్వే చేశావా అమ్మా?" అనడిగాను. "వీడియోలో సారు చేస్తుంటే రాసుకున్నా" అంది.

జబ్బు అక్కడుంది. ఎవరో గొర్రు తోలుతుంటే గట్టు మీద కూర్చుని చూస్తే మనకు సాలు తిన్నగా తోలడం వస్తుందా? పిల్ల చదివింది, నిజమే. చేయలేదు, అంతే.

మర్నాటి నుంచి సాయంత్రం ఒక అరగంట నా లెక్కల పుస్తకం ముందేసుకుని కూర్చున్నాం. కొట్టులో 4,500 రూపాయల పురుగుమందు అరువు తెచ్చాననుకోండి. మందుల ఖాతా డెబిట్, కొట్టు ఖాతా క్రెడిట్. ఇక్కడే తనకున్న అసలు తికమక బయటపడింది. ఫోన్‌కి బ్యాంకు మెసేజ్ వస్తే డబ్బు పడితే క్రెడిట్ అని ఉంటుంది. పుస్తకంలోనేమో బ్యాంకులో డబ్బు వేస్తే బ్యాంకు ఖాతా డెబిట్ అంటారు. ఏది నిజం? రెండూ నిజమే. మెసేజ్ బ్యాంకు వాళ్ల పుస్తకంలోంచి వస్తుంది, వాళ్లు మనకు బాకీ. కొట్టాయన పుస్తకంలో నేను బాకీదారుణ్ణి, నా పుస్తకంలో ఆయన నాకు అప్పిచ్చినవాడు. "ఎవరి పుస్తకంలో రాస్తున్నాం" అని ముందు అడుక్కోవడం అలవాటయ్యాక బ్యాంకు నిల్వల సమన్వయం లెక్కలు తనకు తేలికయ్యాయి.

తర్వాత తను పెట్టుకున్న పద్ధతి చెబుతా, మీ పిల్లలకి పనికొస్తుంది.

జవాబు మూసిపెట్టి లెక్క మొత్తం చేయాలి. తప్పొస్తే జవాబు చూసి "ఓహో ఇదా" అని వదిలేయకూడదు. మర్నాడు అదే లెక్క ఖాళీ కాగితం మీద మళ్లీ చేయాలి. తప్పులకి వేరే పుస్తకం పెట్టింది. నెల తిరిగేసరికి తన తప్పుల్లో సగం ఒకే చోటున్నాయని తేలింది. అంకణా కింద ఇచ్చే సర్దుబాట్లు ఒకచోట రాసి రెండో చోట మర్చిపోతోంది. తరుగుదల లాభనష్టాల ఖాతాలో వేస్తుంది, ఆస్తిలోంచి తీయదు. మందు ఎక్కడ కొట్టాలో తెలిశాక పని సులువే కదా.

అంకణా కుదరకపోతే తేడాని 2తో భాగించి చూడాలి. 4,500 తప్పు వైపు రాస్తే తేడా 9,000 వస్తుంది. తేడా 9తో తెగితే 540 బదులు 450 రాసినట్టు అంకెలు తారుమారయ్యాయేమో చూడాలి. కుదిరినంత మాత్రాన అంతా సరే అనుకోకూడదు. మోటారు కొన్నది మరమ్మతు ఖర్చులో రాసినా అంకణా కుదురుతుంది.

ఇక టైము. 180 నిమిషాలు, 100 మార్కులు. అంటే 20 మార్కుల ప్రశ్నకి 36 నిమిషాలు. మొదటిసారి ఆస్తి అప్పుల పట్టిక కుదర్లేదని గంటకు పైగా దాంతోనే కుస్తీ పట్టిందట. ఈసారి 36 నిమిషాలు కాగానే చోటు వదిలి ముందుకెళ్లడం ఇంట్లోనే గడియారం పెట్టి నేర్చుకుంది. పాత ప్రశ్నపత్రాలు, జవాబులు ఇన్‌స్టిట్యూట్ వెబ్‌సైట్‌లో ఉచితంగానే ఉన్నాయి. మొదటి ప్రశ్న తప్పనిసరి, మిగతా ఐదింట్లో నాలుగు రాయాలి. ముందిచ్చే 15 నిమిషాల్లో ఏది వదలాలో తేల్చుకోవాలి. వర్కింగ్ నోట్స్ తప్పకుండా రాయాలి, చివరి అంకె తప్పినా చేసినంత వరకు మార్కులొస్తాయి.

రెండోసారి అకౌంటింగ్‌లో 57 వచ్చాయి. నాలుగూ పాసయ్యింది. ఇప్పుడు తన నోటు పుస్తకం చూస్తే నా పుస్తకంలాగే ఉంది, నిండా కొట్టివేతలే.

అమ్మానాన్నలకి ఒక్క మాట. మార్కులు తగ్గితే నాలాగా "చదవలేదు" అని మాట జారకండి. నోటు పుస్తకం అడిగి తీసుకుని, పక్కన కూర్చుని చూడండి. మనకు అర్థం కాకపోయినా పర్లేదు, కొట్టివేతలు ఉన్నాయో లేవో తెలుస్తుంది. ఆ రాత్రి అన్న మాటకి మా అమ్మాయికి నేనింకా బాకీనే. అది నా పుస్తకంలో రాసుకున్నా.