అమ్మ చేతి మంట

మే నెల రెండో ఆదివారం మదర్స్ డే. అప్పటికి వేసవి సెలవులు కాబట్టి మేం కార్డులు ఏప్రిల్‌లోనే చేయించేస్తాం. ఈసారి మా క్లాసు బాబు ఒకడు "టీచర్, మీరు మీ అమ్మగారికి ఏమిస్తారు?" అని అడిగాడు. జవాబు చెప్పలేకపోయాను.

మా అమ్మ అద్దంకి చుట్టుపక్కల చేలల్లో మిరపకాయలు కోసేది. సాయంత్రం ఎన్నిసార్లు చేతులు కడుక్కున్నా, ఆ చేత్తో కలిపిన ముద్ద తింటే నాకు పెదాలు మండేవి. "నువ్వు కలపొద్దు, స్పూన్ ఇవ్వు" అని విసుక్కునేదాన్ని. ఆ కూలి డబ్బులే నా బీఈడీ ఫీజు.

మిరపలోని క్యాప్సైసిన్ నీళ్లతో పోదు, నూనెలో కరుగుతుందని ఇప్పుడు పిల్లలకు పాఠం చెబుతాను. అమ్మ చేతులు మండుతున్నాయా అని మాత్రం ఏనాడూ అడగలేదు.

అమెరికాలో అన్నా జార్విస్ 1908లో తొలి మదర్స్ డే జరిపేనాటికి వాళ్లమ్మ పోయి మూడేళ్లు. తర్వాత ఈ అచ్చు కార్డుల వ్యాపారం చూసి ఆవిడకే ఒళ్లు మండిందట!

ఆ రాత్రి కొబ్బరినూనె సీసాతో అమ్మ పక్కన కూర్చున్నాను. "ఇప్పుడెందుకే, కోతలైపోయాయిగా" అంది. చెయ్యి మాత్రం వెనక్కి తీసుకోలేదు.

మీ పాప, బాబు తెచ్చే కార్డుతో పాటు ఒక ఖాళీ కార్డు కూడా పంపుతున్నాను. అది మీరు మీ అమ్మగారికి రాయడానికి. ఇంగ్లీషు మీడియం టీచర్నే అయినా చెబుతున్నాను, తెలుగులో రాయండి. చదువు రాని అమ్మయితే పక్కన కూర్చుని చదివి వినిపించండి.