క్రోసూరు కల్లం, ఓడమీది వేలంపాట

సత్తెనపల్లికి ఉత్తరాన, అమరావతికి పడమర ఉన్నది మా క్రోసూరు. 2022 ఏప్రిల్‌లో గుంటూరు జిల్లా నుండి పల్నాడు జిల్లాలోకి మారినా, మా బ్రతుకు మాత్రం ప్రత్తి, మిరపలతోనే. కోతల కాలంలో ఈ దారిన వస్తే ఎర్రని కల్లాలు కంటికి, ఘాటు గొంతుకు తగులుతాయి.

మా సరుకు బేరం కళ్లెదుటే జరుగుతుంది. గుంటూరు యార్డులో వ్యాపారి టిక్కీ విప్పి, కాయ చేతిలోకి తీసుకొని రంగు, తేమ, తాలు చూస్తాడు. ఆనాటి ధర ప్రక్క రైతు నోటనే తెలుస్తుంది. గిట్టకపోతే కోల్డ్ స్టోరేజీలో పెట్టి ఆగవచ్చు.

ఇప్పుడు మన పల్లెల పెద్దలు పిల్లలను చూడడానికి అమెరికా వెళ్తున్నారు. పిల్లలు ముచ్చటపడి విహార నౌక ఎక్కిస్తున్నారు. అలాంటి కొన్ని ఓడల్లో బొమ్మల వేలంపాట జరుగుతుంది. వచ్చినవారికి ఉచితంగా షాంపేన్ పోస్తారు. “విలువ పెరుగుతుంది, ఈ అవకాశం మళ్లీ రాదు” అంటారు. అక్కడ అమ్మేవాటిలో చాలావరకు వందలకొద్దీ అచ్చువేసిన ప్రతులే. అసలుదని చెప్పే ధ్రువపత్రమూ, విలువ కట్టిన కాగితమూ తరచుగా అమ్మేవారే ఇస్తారు. చూసిన ప్రతి ఒకటి, గిడ్డంగి నుండి ఇంటికి వచ్చేది మరొకటి కావచ్చు. పాట ధరపై రుసుము, రవాణా, సుంకం అదనం. నడిసముద్రంలో జరిగిన అమ్మకానికి ఏ దేశపు చట్టం వర్తిస్తుందో తేల్చుకోవడమూ కష్టమే.

2008 జూలైలో న్యూయార్క్ టైమ్స్ పత్రిక ఇలాంటి కొనుగోలుదారుల ఫిర్యాదులను, దావాలను వివరంగా ప్రచురించింది. స్పెయిన్ చిత్రకారుడు సాల్వడార్ డాలీ పేరిట కొన్న అచ్చుబొమ్మల మీద కూడా వివాదం నడిచింది. అమ్మినవారు ఆరోపణలను ఒప్పుకోలేదు. అయితే డాలీ పేరు చుట్టూ అనుమానం పాతదే. 1974లో ఫ్రాన్సు సరిహద్దున ఆపిన ఒక వాహనంలో ఆయన సంతకమున్న ఖాళీ కాగితాలు 40,000 దొరికాయి. సంతకం నిజమే కావచ్చు, దానిపై బొమ్మ ఎవరైనా అచ్చువేయవచ్చు గదా!

కాబట్టి, ప్రయాణానికి సిద్ధపడుతున్న పెద్దలారా, చేయి ఎత్తకముందు మూడు సంగతులు అడగండి. ఇది చేత్తో వేసినదా, అచ్చా? మొత్తం ప్రతులు ఎన్ని? వాపసు షరతు ఏ కాగితంలో ఉంది? ఆ రాత్రికి ఆగి, అదే చిత్రకారుని అచ్చులు బయట ఎంతకు అమ్ముడుపోయాయో పిల్లలచేత చూపించుకోండి. ఆగడానికి వీల్లేదంటే కొనకండి. బొమ్మ కంటికి నచ్చి, పెట్టిన డబ్బు తిరిగి రాకపోయినా బాధలేదనుకుంటేనే కొనండి. మిరపకాయను విరిచి చూడనిదే ధర చెప్పని ఊరివాళ్లం మనం. వేల డాలర్ల బొమ్మకు ఆపాటి పరీక్ష ఎక్కువేమీ కాదు.