తాటిచెట్ల మీదుగా సిగ్నల్

మడికొండలో మా డాబా ఎక్కితే, రెండు కిలోమీటర్ల అవతల పొలాల మధ్య మామయ్య ఇల్లు కనిపిస్తుంది. మాకు ఫైబర్ ఉంది, వాళ్లకు లేదు. 2020లో మామ బిడ్డకు అన్నీ ఆన్‌లైన్ క్లాసులే. ఫోన్‌లో సార్ బొమ్మ కదలదు, గొంతు తెగిపోతది.

నేనూ ఫ్రెండూ కలిసి రెండు డాబాల మీద ఎదురెదురుగా రెండు చిన్న డిష్‌లు పెట్టాం. 5 గిగాహెర్ట్జ్ బ్యాండ్‌లో చాలా భాగానికి 2018లో లైసెన్స్ తీసేశారు కాబట్టి పర్మిషన్ గొడవ లేదు. ఇల్లు కంటికి కనబడితే చాలదు. తరంగం దారంలా సన్నగా పోదు, నడుమ దోసకాయలా ఉబ్బుతుంది. అదే ఫ్రెనెల్ జోన్. రెండు కిలోమీటర్లకు నడిమధ్యన దాని వ్యాసార్థం సుమారు 5 మీటర్లు. అందులో కనీసం 60 శాతం ఖాళీ ఉండాలి. సరిగ్గా అక్కడే తాటిచెట్ల తలలున్నయ్.

"రెండు చెట్లు కొట్టిస్తే?" అన్నాడు ఫ్రెండ్.

"వాటి మీదనే గౌడన్న ఇల్లు నడుస్తది బిడ్డా" అన్నాడు మామయ్య.

రెండువైపులా జీఐ పైపు ఇంకో 3 మీటర్లు లేపి, తీగలతో బిగించి, ఎర్తింగ్ ఇచ్చాం. సాయంత్రానికి వీడియో ఆగకుండా వచ్చింది.

మీరూ లింక్ వేస్తే, మధ్యలో ఉన్న చెట్టు ఎత్తుతో పాటు అది ఎవరికి అన్నం పెడుతోందో కూడా అడగండి.