తలుపు తెరిచి వండుకుందాం

ఈ నెల మా ఇంటి పొయ్యి గురించి నాలుగు మాటలు రాస్తున్నాను. పాస్టరుగారు పొయ్యి గురించి రాయడమేమిటని అనుకోవద్దు. ప్రసంగ వేదిక మీద ఎన్నోసార్లు చెప్పి కూడా నేను నేర్చుకోని పాఠమొకటి ఆ పొయ్యి దగ్గర నేర్చుకున్నాను.

అప్పుడు నేను బోధన్ దగ్గర ఒక పల్లె సంఘానికి కాపరిగా ఉన్నాను. నిజాంసాగర్ కాలువ నీళ్లతో చెరకు పండిన నేల అది. శక్కర్‌నగర్‌లోని నిజాం షుగర్ ఫ్యాక్టరీ 2015 డిసెంబరులో మూతబడిన తరువాత మా సంఘంలో చెరకు నరికిన చేతులు వరినాట్లకు, మక్క చేలకు పోయాయి. కొందరు గల్ఫు దారి పట్టారు. వారిలో ఒక సహోదరుడు ఎన్నో ఏళ్లు దుబాయిలో పనిచేసి ఇల్లు చేరాడు. కార్గోలో వచ్చిన అతని సామానులో ఒక చిన్న గ్యాస్ గ్రిల్ ఉంది. దాన్ని ఒక సాయంత్రం మా ఇంటికి మోసుకొచ్చాడు.

"ఇది మీరు ఉంచుకోండ్రి అయ్యగారూ. ఒక్క రూములో ఎనిమిది మందిమి ఉండేటోళ్లం. సెలవు దినం బయట దీనిమీద కోడి కాల్చుకొని అందరం కూసోని తినేటోళ్లం. ఇప్పుడు దీన్ని చూస్తే ఆ పరదేశమే యాదికొస్తది. నా ఇంట్ల నాకొద్దు" అన్నాడు.

మూరెడు పొడవుంటుంది ఆ గ్రిల్. లోపల చిల్లులున్న రెండు గొట్టాలు, వాటిమీద వంచిన ఇనుప రేకు, ఆపైన కమ్మీల జాలీ, అడుగున కొవ్వు పడడానికి చిన్న పళ్లెం, పైన మూత. నిజామాబాద్‌లో గ్యాస్ పొయ్యిలు బాగుచేసే మెకానిక్‌కు చూపించి, మన సిలిండరుకు సరిపోయే రెగ్యులేటరు, పైపు పెట్టించుకున్నాను. దాన్ని ఆరుబయటే వాడాలని అతడు రెండుసార్లు చెప్పాడు. నేను తల ఊపి వచ్చాను.

డిసెంబరు నెల. పిల్లలు హాస్టలు నుండి సెలవులకు వచ్చారు. ఒక శనివారం కోడి తెచ్చి, పసుపు, ఉప్పు, కారం, అల్లం వెల్లుల్లి, పెరుగు పట్టించి ఉంచాం. పెరట్లో కాలుద్దామంటే నా మనసు ఒప్పుకోలేదు. చలి ఒక సాకు మాత్రమే. అసలు కారణం వాసన. మాంసం నిప్పు మీద కాలే వాసన వాడంతా పోతుంది. రెండిళ్ల అవతల మా సంఘ విధవరాలు ఒకామె ఉంటుంది. ఆమెకు ఉజ్వల కనెక్షన్ ఉంది గాని, సిలిండరు నింపించడానికి చేతిలో డబ్బు ఆడదు. వాన రోజులకని దాన్ని దాచుకొని, మిగతా రోజులు కట్టెలతో, చెరకు ఆకుతో, మక్క బెండ్లతో వండుకుంటుంది. ఆమె దగ్గు రాత్రిపూట మా ఇంటికి వినిపించేది. ఆమె వస్తే పెట్టాలి. ఆమెకు పెడితే పక్కింటి పిల్లలకూ పెట్టాలి. ఉన్నది ఒక్క కోడి. మరునాటి ఆరాధనలో నా వాక్యాంశం ఏమిటో చెప్పడానికి సిగ్గుపడుతున్నాను. ఆకలిగొన్నవానికి ఆహారం పంచిపెట్టడం గురించి, యెషయా 58వ అధ్యాయం.

గ్రిల్‌ను వెనుక గదిలో బల్ల మీద పెట్టాను. కిటికీలు బిగించాను. తలుపు గొళ్లెం వేశాను. "ఊపిరాడదేమో, తలుపైనా తీసి ఉంచండి" అంది నా భార్య. "వాసన పోతుంది" అన్నాను. ఆ మాటకు ఆమె నా ముఖం చూసి ఊరుకుంది.

మొదట మంట నీలంగా అందంగా ఉంది. కొవ్వు చుక్కలు రేకు మీద పడి చుర్రుమంటుంటే పిల్లలు చుట్టూ మూగారు. కొంతసేపటికి మంట పచ్చబారడం, మూత అంచున మసి పట్టడం చూశాను గాని లెక్కచేయలేదు. నాకు తల పట్టేసినట్లయింది. ఎండలో తిరిగినందుకనుకున్నాను. చిన్నమ్మాయి కడుపులో తిప్పుతోందని గోడకు చేరగిలబడింది. నా భార్య లేవబోయి మళ్లీ కూర్చుంది.

అప్పుడే తలుపు కొట్టిన చప్పుడు. నేను పలకలేదు. ఎవరో తెలిసే పలకలేదు. ఆ దగ్గు నాకు తెలుసు. రెండోసారి కొట్టింది. మూడోసారి ఇంత బలం ఆమెకెక్కడిదో, భుజం పెట్టి నెట్టింది. పాత గొళ్లెం ఊడివచ్చింది.

"ఏందయ్యగారూ గిది! లోపట ఊపిరాడ్తలేదు. పిల్లను బయటికి తీసుకరాండ్రి!" అంటూ ఆమే ముందుగా నా కూతురిని ఎత్తుకొని పెరట్లోకి నడిచింది. గుమ్మం దగ్గర రెండు చెరకు గడలు పడి ఉన్నాయి. పిల్లలు సెలవులకు వచ్చారని తెలిసి తెచ్చినవి.

నేను తడుముకుంటూ గ్యాస్ కట్టేసి బయటపడ్డాను. చల్లగాలికి మెల్లమెల్లగా అందరం తేరుకున్నాం. డాక్టరుగారికి చూపిస్తే విషయం వివరించారు. గ్యాస్ సరిగా మండాలంటే గాలి పుష్కలంగా కావాలి. మూసిన గదిలో గాలి తరిగేకొద్దీ మంట సగం సగం మండి కార్బన్ మోనాక్సైడ్ అనే విషవాయువు పుడుతుంది. మన రక్తం ప్రాణవాయువును వదిలి దాన్నే పట్టుకుంటుంది. తలనొప్పి, వాంతి, మగత, ఆపైన మరణం. సిలిండరులోని గ్యాస్ కారితే మనకు తెలియాలని దానికి ఘాటైన వాసన కలుపుతారు. ఈ విషవాయువుకు రంగూ లేదు, వాసనా లేదు.

ఆ మాట నన్ను వదలలేదు. పాపాల్లోనూ ఈ రెండు రకాలు ఉన్నాయి. త్రాగుడు, వ్యభిచారం, దొంగతనం వాసన కొడతాయి, ఊరికి తెలిసిపోతాయి. నా ఇల్లు, నా పిల్లలు, నా పళ్లెం అనే స్వార్థానికి వాసన లేదు. దానిలోనే కూర్చుని ప్రసంగం సిద్ధం చేసుకోవచ్చు. నేను చేసుకున్నాను.

ఆ రాత్రి నాకు ఏలీ కుమారులు గుర్తుకొచ్చారు. వండిన మాంసం వద్దు, కాల్చుకోవడానికి పచ్చిదే కావాలని దేవుని ప్రజల దగ్గర బలవంతంగా తీసుకున్న యాజకులు వారు (1 సమూయేలు 2:12-17). నేను ఎవరి దగ్గరా లాక్కోలేదు నిజమే. కాని యాజకుని ఇంట్లో కాలిన మాంసం, మూసిన తలుపు, బయట నిలబడ్డ విధవరాలు! నాకు తేడా ఎంతో కనబడలేదు. పస్కా గొఱ్ఱెపిల్లను నిప్పుతో కాల్చి తినమన్నప్పుడు, ఇల్లు చిన్నదైతే పొరుగువానితో కలిసి తినమని కూడా దేవుడు చెప్పాడు (నిర్గమ 12:4). ప్రార్థనకు గదిలోకి వెళ్లి తలుపు వేసుకోమన్నాడు ప్రభువు (మత్తయి 6:6). భోజనానికి తలుపు వేసుకోమని ఎక్కడా అనలేదు.

ఆదివారం యెషయా 58 మీదే మాట్లాడాను. మొదట జరిగింది జరిగినట్లు సంఘం ముందు ఒప్పుకున్నాను. ఆమె ముందు వరుసలో కూర్చుని కొంగుతో ముఖం కప్పుకుంది. ఆరాధన తరువాత "గంత మందిల చెప్పుడెందుకయ్యగారూ" అని నన్నే మందలించింది.

అప్పటినుండి ఆ గ్రిల్ పెరట్లోనే వెలిగింది. నెలకొక శనివారం ప్రార్థన కూడిక తరువాత ఎవరికి తోచింది వారు తెచ్చేవారు. మక్క కంకులు, వంకాయలు, రత్నపురి గడ్డలు, దొరికినప్పుడు చెరువు చేప. ఇచ్చిన సహోదరుడు కూడా వచ్చి పట్టకారు అందుకున్నాడు. పరదేశం యాదికొస్తుందన్నవాడే తన పిల్లలకు కంకులు కాల్చి ఇచ్చాడు. అయితే ఒక మాట దాచకూడదు. నెలకు ఒక్కరోజు కూడి తింటే ఆమె ఇంట్లో పొగ పోలేదు. మా గ్రిల్ చుట్టూ నవ్వుకొని ఆమె మళ్లీ కట్టెల పొయ్యి దగ్గరికే వెళ్లేది. అది గమనించింది నా భార్య. స్త్రీల మైత్రిలో పిడికెడు బియ్యం పట్టే ఇళ్ల నుండే కొంత తీసి, ఒంటరి వృద్ధుల సిలిండర్లు నింపించే ఏర్పాటు చేసింది. నేను వాక్యం చెప్పాను, ఆమె లెక్క వేసింది.

ఇప్పుడు మేము నిజామాబాద్ పట్టణంలో ఉన్నాం. ఇంట్లో ఇటువంటి పొయ్యి పెట్టుకునేవారికి అనుభవంతో కొన్ని సంగతులు చెబుతాను. గ్రిల్‌ను ఎల్లప్పుడు ఆరుబయటే వెలిగించండి. సిలిండరును నిలువుగా, మంటకు ఎడంగా ఉంచండి. పైపు అతుకుల దగ్గర సబ్బు నీళ్లు రాసి చూడండి, బుడగలు వస్తే గ్యాస్ కారుతున్నట్లే. అగ్గిపుల్లతో ఎన్నడూ పరీక్షించవద్దు. వెలిగించేటప్పుడు మూత తెరిచే ఉంచండి. మంట నీలంగా ఉండాలి, పచ్చబారితే ఆపివేయండి. వంట కాగానే సిలిండరు దగ్గరే కట్టేయండి. ఇంట్లో గ్యాస్ వాసన వస్తే స్విచ్చి ముట్టకుండా తలుపులు తెరిచి, బయటికి వచ్చి 1906 నంబరుకు ఫోను చేయండి. జాలీ బాగా వేడెక్కాక నూనె రాసి ముక్కలు పెడితే అంటుకోవు. కోడి ఎముక దగ్గర ఎర్రనీరు రానంతవరకు కాల్చాలి. కొవ్వు పళ్లెం ప్రతిసారీ కడగాలి, లేకపోతే అదే అంటుకుంటుంది.

పునరుత్థానుడైన ప్రభువు తిబెరియ ఒడ్డున నిప్పులు రాజేసి, చేపలు రొట్టె సిద్ధంచేసి, రాత్రంతా శ్రమపడినవారిని భోజనానికి పిలిచాడు (యోహాను 21:9-12). ఆ నిప్పుల చుట్టూ గోడలు లేవు. ఆయనను ఎరుగనని చెప్పిన పేతురుకు కూడా అక్కడ చోటు దొరికింది.

మా పాత ఇంటి గొళ్లెం నేను బాగుచేయించలేదు. మీ ఇంటి పొయ్యి కట్టెలదైనా, గ్యాసుదైనా, ఈ రాత్రి అన్నం వడ్డించేముందు ఒక్కసారి తలుపు వైపు చూడండి. ప్రభువు మన పొయ్యిలను, మన పొరుగువారి పొయ్యిలను దీవించును గాక. ఆమేన్.