మామ పంపిన మెయిల్ ఎక్కడికి పోయింది?

"అల్లుడా, నువ్వు కంప్యూటర్ చదివినవ్ కదా?"

చుట్టాల ఫోన్ ఈ మాటతో మొదలైందంటే చాలు, నాకు దడ మొదలవుతుంది. మాది సూర్యాపేట. బీటెక్ అయ్యాక ఆరేళ్లుగా హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ జాబ్. నేను రాసేది సర్వర్ల మీద నడిచే కోడ్. కానీ మావాళ్ల లెక్కలో సాఫ్ట్‌వేర్ అంటే సాఫ్ట్‌వేరే. ప్రింటర్ ఆగినా, ఫోన్ స్లో అయినా, టీవీ రిమోట్ పనిచేయకపోయినా ఫోన్ నాకే.

అన్నింటికన్నా నన్ను ఎక్కువ ఏడిపించింది మాత్రం డెస్క్‌టాప్‌లో ఉండే మెయిల్ ప్రోగ్రామ్. మనకి మెయిల్ అంటే ఫోన్‌లో ఒక యాప్. ఓటీపీ వస్తే చూస్తాం, లేకపోతే లేదు. కానీ మిల్లుల్లో, ఆడిట్ ఆఫీసుల్లో, దుకాణాల్లో ఇంకా ఔట్‌లుక్, థండర్‌బర్డ్ లాంటివి వాడుతున్నారు. రేట్లు, ఆర్డర్లు, బిల్లులు అన్నీ అందులోనే. అది ఆగితే పని ఆగుతుంది. ఒక్కోసారి మనిషి పరువు కూడా ఆగుతుందని నాకు మిర్యాలగూడలో తెలిసింది.

అక్కడికి పోయే ముందు, నేను చేసిన ఒక ఘనకార్యం చెప్పాలి.

బావ మెయిల్స్ మింగేసిన బామ్మర్ది

2021. వర్క్ ఫ్రమ్ హోమ్ అని సూర్యాపేటలోనే ఉన్నా. మా బావకి ఎరువుల దుకాణం ఉంది. "బామ్మర్దీ, మెయిల్స్ పోతలేవు. అవుట్‌బాక్స్‌లోనే ఉంటున్నయ్" అన్నాడు. పోయి చూశా. తొమ్మిది మెయిల్స్ వరసగా ఆగి ఉన్నాయి. అన్నింటికన్నా ముందున్న దానికి గోడౌన్ ఫొటోలు తగిలించాడు. సైజు 40 ఎంబీ.

జీమెయిల్‌లో అటాచ్‌మెంట్ 25 ఎంబీ దాటితే పోదు. ప్రోగ్రామ్‌కి ఆ తెలివి లేదు. ఆ పెద్ద మెయిల్‌నే మళ్లీ మళ్లీ తోస్తూ ఉంది, వెనకవి దారి కోసం చూస్తున్నాయి. టోల్‌గేట్ దగ్గర మొదటి లారీ ఆగిపోతే వెనక లైనంతా ఆగినట్టు.

చేయాల్సింది చిన్న పని. "వర్క్ ఆఫ్‌లైన్" నొక్కి, అవుట్‌బాక్స్‌లోంచి ఆ మెయిల్‌ని డ్రాఫ్ట్స్‌లోకి లాగి, మళ్లీ ఆన్‌లైన్‌కి తెస్తే అయిపోయేది. నేనేం చేశా? ఇంజినీర్ గర్వం కదా. "అకౌంట్ తీసేసి మళ్లీ పెడదాం బావా, ఫ్రెష్‌గా ఉంటది" అన్నా. తీసేసే ముందు ఒక హెచ్చరిక వచ్చింది. చదవకుండా "ఎస్" కొట్టా.

అవుట్‌బాక్స్‌లో ఉన్న తొమ్మిదీ పోయాయి. అంతకన్నా ఘోరం, కాంటాక్ట్స్ పోయాయి. ఔట్‌లుక్‌లో జీమెయిల్‌ని ఐమ్యాప్ పద్ధతిలో పెట్టుకుంటే మెయిల్స్ సర్వర్‌లో భద్రంగా ఉంటాయి కానీ, కాంటాక్ట్స్, క్యాలెండర్ మాత్రం ఆ కంప్యూటర్‌లోనే ఉంటాయి. ఫోల్డర్ పక్కన "ఈ కంప్యూటర్ మాత్రమే" అని రాసే ఉంటుంది. ఎవరు చదివారు? బావ ఏళ్ల తరబడి కూడబెట్టిన డీలర్ల అడ్రస్‌లు ఒక్క క్లిక్‌తో గాల్లో కలిశాయి. ఇప్పటికీ పండక్కి పోతే అక్క అన్నం పెడుతుంది, బావ లాప్‌టాప్ మూసి పక్కన పెడతాడు.

బాబాయ్ పాస్‌వర్డ్ తప్పు కాదు

తర్వాతి ఏడాది జూన్‌లో కోదాడ నుంచి బాబాయ్ ఫోన్. ఆయనది అకౌంట్స్ రాసే చిన్న ఆఫీసు. "నా మెయిల్‌ని ఎవడో హ్యాక్ చేసిండురా. కరెక్ట్ పాస్‌వర్డ్ కొట్టినా మళ్లా మళ్లా అడుగుతుంది" అన్నాడు. భయంతో అప్పటికే మూడుసార్లు పాస్‌వర్డ్ మార్చాడు. ఆ మూడింట్లో ఇప్పుడు ఉన్నదేదో ఆయనకే గుర్తులేదు.

ఎవరూ హ్యాక్ చేయలేదు. 2022 మే 30 నుంచి గూగుల్ మామూలు అకౌంట్లకి రూల్ మార్చింది. బయటి ప్రోగ్రామ్ ఉత్త యూజర్‌నేమ్, పాస్‌వర్డ్ పెట్టి లోపలికి రావడం కుదరదంది. బాబాయ్ వాడేది పాత ఔట్‌లుక్ 2010. దానికి గూగుల్ కొత్త లాగిన్ పేజీ తెరవడం రాదు. పాత తాళంచెవి కరెక్టే, తలుపుకి తాళమే మారింది.

దీనికి దారి ఏంటంటే, గూగుల్ అకౌంట్‌లో టూ స్టెప్ వెరిఫికేషన్ ఆన్ చేసి, "యాప్ పాస్‌వర్డ్" అని ఒకటి తీసుకోవాలి. 16 అక్షరాలు వస్తాయి. ఔట్‌లుక్‌లో మామూలు పాస్‌వర్డ్ బదులు అది పెట్టాలి. ఈసారి మాత్రం ముందు మెయిల్ ఫైల్‌ని పెన్‌డ్రైవ్‌లోకి కాపీ చేశాకే చెయ్యి పెట్టా. బావ పుణ్యం.

"మెయిల్ పంపిన్నా లేదా, చెప్పు"

ఇక మిర్యాలగూడ. నిరుడు, వానాకాలం వడ్లు మిల్లులకి దిగే రోజులు. ఆ టైమ్‌లో ఆ ఊరు ఎట్లుంటదో చూడాల్సిందే. సాగర్ ఎడమ కాల్వ కింద పండిన వడ్లన్నీ ట్రాక్టర్ల మీద, లారీల మీద లైన్లు కడతాయి. గాల్లో ఊక, తౌడు వాసన. మా మేనమామ అక్కడ ఒక రైస్ మిల్లులో గుమస్తా. 22 ఏళ్లుగా అదే మిల్లు, అదే కుర్చీ. చేతిరాత పుస్తకాల నుంచి ట్యాలీ దాకా అన్నీ ఆయన చేతిమీదే మారాయి.

ఆ రోజు ఫోన్‌లో మామ గొంతు ఎప్పటిలా లేదు. "ఒకసారి రా అల్లుడా. మెయిల్ పంపిన్నా లేదా, నువ్వే చూసి చెప్పు" అన్నాడంతే.

సంగతి ఇది. చెన్నై పార్టీకి ఉప్పుడు బియ్యం రేటు ఒప్పుకుంటున్నట్టు పొద్దున్నే మెయిల్ పెట్టాలి. మామ పెట్టానంటాడు. పార్టీ రాలేదంటాడు. సాయంత్రం దాకా చూసి వాళ్లు వేరే మిల్లుకి ఆర్డర్ ఇచ్చేశారు. సేటు వచ్చి సెంట్ ఐటమ్స్ తెరిచి చూశాడు. ఆ రోజు మెయిల్స్‌లో అది లేదు. పంపలేదని చెప్తే మర్చిపోయాడని వదిలేసేవాడేమో. మామ "పంపిన" అని గట్టిగా అనేసరికి సేటుకి అనుమానం ఇంకోవైపు పోయింది. ఆర్డర్ పోయింది పక్క మిల్లుకే కదా, మధ్యలో ఏమైనా నడిచిందా అని. వచ్చే నెల నుంచి రావద్దని నోటితో అనలేదు కానీ, కొత్త పిల్లగాడిని చూస్తున్నానని మాత్రం అన్నాడట.

కోదాడలో పని ఉండి అక్కడే ఉన్నా. హుజూర్‌నగర్, నేరేడుచర్ల మీదుగా బస్సులో మిర్యాలగూడ పోతుంటే నా మనసులో ఒకటే. నిజంగా మామ పంపలేదనుకో, అప్పుడు నేనేం చెప్పాలి? మామకి 56 ఏళ్లు. మర్చిపోయి ఉండొచ్చు. పంపానని అనుకుని ఉండొచ్చు. మనందరికీ జరిగేదే. కంప్యూటర్ ముందు కూర్చున్నాక మేనల్లుడి పని కాదు, ఉన్నదున్నట్టు చెప్పాలి.

వెతికిన వరస

ముందు పీఎస్‌టీ ఫైల్ కాపీ తీసి పెట్టా. తర్వాత అవుట్‌బాక్స్ చూశా. ఖాళీ. డ్రాఫ్ట్స్‌లో లేదు. డిలీటెడ్ ఐటమ్స్‌లో లేదు. "మీ మెయిల్ చేరలేదు" అని తిరిగొచ్చిన జవాబూ లేదు. ఆ పార్టీ పేరు పెట్టి సెర్చ్ చేస్తే వందల మెయిల్స్ వచ్చాయి, పైన ఉన్నవన్నీ పాత ఆర్డర్లవే. సర్వర్‌లో చూద్దామంటే, వాళ్ల మెయిల్ పాప్ పద్ధతిలో ఉంది. ఆ పద్ధతిలో పంపిన మెయిల్ కాపీ మన కంప్యూటర్‌లో మాత్రమే మిగులుతుంది.

గంట గడిచింది. సేటు రెండుసార్లు తొంగి చూసి పోయాడు. మామ టీ తెప్పించాడు కానీ తాను తాగలేదు. నిజం చెప్పాలంటే, "లేదు మామా" అనే మాట నా నాలిక మీదికి వచ్చింది.

ఊరికే అడిగా. "మామా, మెయిల్ సంగతి పక్కన పెట్టు. ఆ రోజు పొద్దున వచ్చిన కాడినుంచి ఏం జరిగిందో చెప్పు."

"ఏముందిరా. రాత్రంత కరెంట్ లేదు. యూపీఎస్ కూడా దిగిపోయింది. కరెంట్ రాంగనే కంప్యూటర్ పెట్టిన, మెయిల్ కొట్టిన. తర్వాత బిల్లు చేద్దామని ట్యాలీ తెరిస్తే తేదీ తప్పు చూపించింది. దాన్ని సరిచేసి బిల్లు కొట్టిన."

"తేదీ ఏం చూపించింది?"

"ఏదో 2010 అని ఉండె."

నా చెయ్యి వెంటనే మౌస్ మీదికి పోయింది. సెంట్ ఐటమ్స్‌లో కిందికి, ఇంకా కిందికి, అట్టడుగు దాకా దించా. అక్కడ ఉంది. తేదీ 2010 జనవరి 1. పార్టీ పేరు, రేటు, లారీల లెక్క అన్నీ సరిగ్గా ఉన్నాయి. మామ పంపాడు.

మామ ఆ లైన్ చదివి, కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. ఏమీ అనలేదు.

అసలు దొంగ ఒక బిళ్ల

ప్రతి డెస్క్‌టాప్ మదర్‌బోర్డ్ మీద రూపాయి బిళ్లంత బ్యాటరీ ఉంటుంది. సాధారణంగా సీఆర్2032 రకం. కరెంట్ లేనప్పుడు గడియారం నడిపేది అదే. అది అయిపోయినా, ప్లగ్‌లో కరెంట్ ఉన్నన్నాళ్లు ఏమీ తెలియదు. పూర్తిగా కరెంట్ పోయిన రోజే తేదీ వెనక్కి పోతుంది. అందుకే ఇన్ని మెయిల్స్‌లో ఆ ఒక్కటే తప్పిపోయింది.

మెయిల్ మీద తేదీ ముద్ర వేసేది సర్వర్ కాదు, పంపే కంప్యూటర్. దాని గడియారం 2010 అంటే మెయిల్ కూడా 2010దే. మరి పార్టీకి ఎందుకు కనిపించలేదు? వాళ్లు వాడేది థండర్‌బర్డ్. అది మామూలుగా పంపినవాళ్ల తేదీ ప్రకారమే వరస పెడుతుంది. మెయిల్ చేరింది కానీ, వాళ్ల ఇన్‌బాక్స్ అడుగున పడింది. సేటు ఫోన్ చేసి కిందికి చూడమంటే రెండు నిమిషాల్లో దొరికింది.

ఇందులో ఇంకో విచిత్రం ఉంది. వాళ్ల మెయిల్ సెట్టింగ్స్‌లో ఎన్‌క్రిప్షన్ లేదు, ఎప్పుడో పెట్టినవి. అది ఉండి ఉంటే, తేదీ తప్పున్న రోజు "సర్టిఫికెట్ చెల్లదు" అని ప్రోగ్రామ్ అక్కడే అరిచేది. మెయిల్ పోయేది కాదు, మామకి అప్పుడే తెలిసేది. తప్పు సెట్టింగ్ వల్ల తప్పు చడీచప్పుడు లేకుండా జరిగిపోయింది. ఆఫీసులో నేను కోడ్ రాసేటప్పుడు ఎర్రర్ వస్తే తిట్టుకునేవాణ్ని. ఇప్పుడు ఎర్రర్ రాకపోతేనే భయం.

పోయిన ఆర్డర్ తిరిగి రాలేదు. సేటు సారీ కూడా చెప్పలేదు. కానీ పిల్లగాడిని పంపి అప్పటికప్పుడు కొత్త బ్యాటరీ తెప్పించాడు. కొత్త గుమస్తా మాట మళ్లీ ఎత్తలేదు. వెళ్లేటప్పుడు మామకేసి చూసి, "రేపు పొద్దున లోడింగ్ ఉంది, తొందరగ రా" అన్నాడు. 22 ఏళ్లలో ఎన్నిసార్లు అన్న మాటో అది. ఆ రోజు మామ "వస్త సేటూ" అన్న తీరు మాత్రం వేరు.

మామకి రాసిచ్చిన కాగితం

బస్సెక్కే ముందు మామ ఒక తెల్లకాగితం ఇచ్చి, అన్నీ వరసగా రాయమన్నాడు. మీ ఇంట్లో, మీ నాన్న దుకాణంలో కూడా పనికొస్తుందేమో చూడండి.

1. దేన్నీ తీసేయకముందు మెయిల్ ఫైల్ కాపీ చేసుకోవాలి. ఔట్‌లుక్‌లో అయితే పీఎస్‌టీ ఫైల్. ప్రోగ్రామ్ మూసేశాకే కాపీ చేయాలి.

2. మెయిల్స్ పోకపోతే ముందు "వర్క్ ఆఫ్‌లైన్" ఆన్‌లో ఉందేమో చూడాలి. తర్వాత అవుట్‌బాక్స్‌లో పెద్ద అటాచ్‌మెంట్ ఇరుక్కుందేమో చూడాలి.

3. పాస్‌వర్డ్ పదే పదే అడిగితే వెంటనే మార్చేయొద్దు. ముందు అదే పాస్‌వర్డ్‌తో బ్రౌజర్‌లో లాగిన్ అయి చూడాలి. అక్కడ తెరుచుకుంటే తప్పు పాస్‌వర్డ్‌ది కాదు, ప్రోగ్రామ్‌ది.

4. కొత్త మెయిల్స్ రాకపోతే మెయిల్‌బాక్స్ నిండిందేమో చూడాలి. జీమెయిల్‌లో ఉచితంగా వచ్చే 15 జీబీ ఫొటోలకి, డ్రైవ్‌కి కలిపి లెక్క.

5. ప్రోగ్రామ్ తెరుచుకోకుండా ఆగిపోతుంటే కంట్రోల్ బటన్ పట్టుకుని ఔట్‌లుక్ తెరవాలి. సేఫ్ మోడ్‌లో వస్తుంది. అప్పుడు బాగా నడిస్తే తప్పు ఏదో యాడ్ఇన్‌ది.

6. పొద్దున్నే కంప్యూటర్ పెట్టగానే ముందు కుడివైపు కింద తేదీ చూడాలి.

మామ కాగితం మొత్తం చదివి, ఏడోది ఆయనే పెన్నుతో రాసుకున్నాడు. "ముఖ్యమైన మెయిల్ పెట్టినంక ఫోన్ చేసి చేరిందా అని అడగాలె."

నాకు తట్టలేదది. ఆ కాగితం ఇప్పుడు మిల్లు ఆఫీసులో మానిటర్ పక్కన గోడకి అతికించి ఉంది. నేనింకా బావకి ఒక కాపీ ఇవ్వాలి. ధైర్యం చాలడం లేదు.