సంఘానికి ఒక పికప్ బండి



గ్రామ సంఘములో బండి కొనుట మందిరానికి పైకప్పు వేయుట కంటె కష్టమని మా అభిప్రాయము. పైకప్పు సంగతిలో అందరిదీ ఒకే మాట: వాన కారకూడదు. బండి సంగతిలో ఎన్ని గడపలున్నాయో అన్ని మాటలు. నేలకొండపల్లి ప్రాంతములోని మా కుటుంబాలు వరి, మిర్చి, చెరకు మీద బ్రతికేవి. మూడు సంవత్సరాల కోతకాలపు పండుగ కానుకలు కూడబెట్టి, మిగిలినది వాయిదాల మీద కట్టుకుందామని సంఘ పెద్దలు తీర్మానించారు. పికప్ కావాలన్న దానిలో తగవు లేదు. మిర్చి బస్తాలు ఖమ్మం మార్కెట్‌కు వెళ్ళాలి. కూడికలకు మైకు సెట్టు, జంఖానాలు వెళ్ళాలి. అర్ధరాత్రి ఎవరికైనా ప్రాణం మీదికి వస్తే ఇరవై కిలోమీటర్ల పైచిలుకు దూరములో ఉన్న ఖమ్మం ఆసుపత్రికి చేరాలి. ఎలాంటి పికప్ అన్న దగ్గరే మాట పెరిగింది.

అమెరికాలో ఉద్యోగము చేసే మా సంఘపు యౌవనుడొకడు అక్కడి ఫోర్డ్ ఎఫ్-150 బండి ఫోటోలు పంపాడు. ఫుల్ సైజు పికప్ అంటే అది. పొడవు దాదాపు 5.9 మీటర్లు, అద్దాలు లెక్కించకుండానే వెడల్పు 2 మీటర్లు దాటుతుంది. ఆ వరుస బండ్లు 1977 నుండి ఆ దేశములో పికప్‌లన్నిటిలోకి ఎక్కువగా అమ్ముడుపోతున్నాయట. లోపల సోఫాల వంటి సీట్లు. యౌవనులు ఫోనులు చేతులు మార్చుకుంటూ మురిసిపోయారు. మా పెద్దలలో ఒకాయన మాత్రం, "అయ్యగారూ, ఇది మన వీధిలోకి వస్తే ఎదురు వచ్చే చెరకు ట్రాక్టరు కోదాడ దాకా వెనక్కి పోవాలి" అన్నారు. అంతటితో అమెరికా చర్చ ముగిసింది.

మన దేశములో ఆ వైపు మొగ్గేవి ఇసుజు వి-క్రాస్, టయోటా హైలక్స్. రెండూ 5.3 మీటర్ల పొడవు ఉంటాయి. వి-క్రాస్ 2016 నుండి మన తెలుగు నేల మీదనే, శ్రీసిటీ కర్మాగారములో తయారవుతున్నదని తెలిసి సంతోషించాము. హైలక్స్ 2022లో వచ్చింది. కూర్చుని చూస్తే కారుకు తీసిపోవు. అయితే వాటిలో ఒకదాని ధరకు మహీంద్రా బొలెరో క్యాంపర్లు రెండు వస్తాయి. కానుకల సొమ్ముతో అంత పెద్ద బండి కొని ఊరిలో తిరిగితే, కానుక వేసిన కూలి తల్లి ముఖము మేము ఎలా చూడగలము? ఆ మాట మాలో ఎవరమూ పైకి అనలేదు గాని అందరమూ షోరూము నుండి తొందరగానే బయటికి వచ్చాము.

ఇక మిగిలినవి రెండు దారులు. ఒకటి, ముందు ఇద్దరు ముగ్గురు కూర్చునే చిన్న క్యాబిన్, వెనుక పెద్ద తొట్టి ఉన్న బండి. బొలెరో పికప్‌లో 1.7 టన్నుల దాకా మోసే రకం ఉన్నది. 2022లో వచ్చిన టాటా యోధా 2.0 రెండు టన్నులు మోస్తుంది. రెండవది, నాలుగు తలుపులు, వెనుక కూడా సీటు, తొట్టి మాత్రం పొట్టిగా ఉండే క్యాంపర్. ఇది ఒక టన్ను మాత్రమే మోస్తుంది. బస్తా 40 కిలోలనుకుంటే లెక్కకు 25 బస్తాలు. కాని మిర్చి బరువుకంటె ఉబ్బు ఎక్కువ గనుక పొట్టి తొట్టిలో అన్నీ సర్దాలంటే ఎత్తుగా పేర్చి తాళ్ళు బిగించాలి.

కమిటీలో ఎక్కువమంది పెద్ద తొట్టి వైపే ఉన్నారు. కారణము బస్తాలు కాదు, మనుషులు. "వెనుక టార్పాలిన్ కడితే పాతికమంది నిలబడతారు. మహాసభలకు బస్సు మాట్లాడే ఖర్చు తప్పుతుంది" అన్నారు. ఇది మన ప్రాంతములో వింత కాదు. మిర్చి కోతల కాలములో తెల్లవారుజామున రోడ్డు మీద నిలబడి చూడండి. ఏజెన్సీ నుండి, ఛత్తీస్‌గఢ్ నుండి వచ్చిన కూలి తల్లులు, చంటిబిడ్డలతో సహా, ట్రాలీలలో నిండుకొని పోతుంటారు. అందరూ చేస్తున్నదే కదా అన్న మాటకు జవాబు చెప్పడం సుళువు కాదు.

మేము చెప్పినది చట్టపు మాట. సరకు బండిలో ఊరకే ఎక్కించుకున్న ప్రయాణికుల నష్టానికి బీమా కంపెనీ బాధ్యురాలు కాదని సుప్రీంకోర్టు ఆశారాణి కేసులో 2002 డిసెంబరులో తీర్పు చెప్పింది. 1994 సవరణ వలన సరకు యజమానికి, లేదా అతని తరఫున వచ్చిన మనిషికి మాత్రము రక్షణ ఉన్నది. తొట్టిలో పాతికమందిని నిలబెట్టి, జరగరానిది జరిగితే ఆ కుటుంబాలకు ఎవరు చెల్లిస్తారు? సంఘము. దేనితో? మందిరము అమ్మినా చాలదు. అప్పుడు స్త్రీల సమాజములోని ఒక తల్లి లేచి, "మగవాళ్ళు ముందు కూర్చుంటారు. నిలబడేది మేమే గదా, అయ్యగారూ" అన్నది. ఆ తరువాత తొట్టిని గూర్చి గట్టిగా మాట్లాడినవారు లేరు.

సౌకర్యమంటే ఏమిటో పరీక్షించడానికి షోరూములో కూర్చుంటే చాలదు. అక్కడ ప్రతి సీటూ మెత్తగానే ఉంటుంది. మోకాళ్ళ నొప్పులున్న ఒక అవ్వను, పొడగరి యౌవనుని, చంటిబిడ్డ తల్లిని తీసుకొని వెళ్ళాము. మెట్టు ఎత్తు అవ్వకు అందలేదు; ప్రక్కన మరొక మెట్టు, పట్టుకోవడానికి కమ్మీ పెట్టించాలని అప్పుడే వ్రాసుకున్నాము. వెనుక సీటు వీపు నిటారుగా ఉన్నది. ఈ తరహా బండ్లలో తొట్టికి చోటు మిగల్చడానికి అలాగే చేస్తారు. పొడగరి మోకాళ్ళు ముందు సీటుకు తగిలాయి, అతడు సర్దుకున్నాడు.

ఖాళీ బండిని కాలువ గట్టు మీద నడిపిస్తే ఎగిరెగిరి పడింది. కారణము మెకానిక్ తమ్ముడొకడు చెప్పాడు. పికప్ వెనుక కమాన్ కట్టలు బరువు కోసం చేసినవి. బరువు లేనప్పుడు అవి వంగవు, గుంతలోని దెబ్బంతా నేరుగా నడుముకు వస్తుంది. ఎనిమిది వడ్ల బస్తాలు వేసి అదే గట్టు మీద నడిపితే ఇది వేరే బండా అన్నట్లు సాగింది. టైర్లలో గాలి కూడా ఖాళీకి ఒక లెక్క, నిండుకు ఒక లెక్క. కంపెనీ ఇచ్చిన పట్టికలో ఉంటుంది. గర్భిణీ స్త్రీని తీసుకొని వెళ్ళే రాత్రి ఆ లెక్క చూసి గాలి తగ్గించితే చాలా తేడా. వెనుకటికి ఎడ్లబండిలో మోపెడు గడ్డి పరచి, పైన బొంత వేసి తీసుకొని వెళ్ళేవారట. డోర్నకల్ బిషప్ అజరయ్య గారు 1912లో అభిషిక్తులైన తరువాత కూడా పల్లెలకు ఎడ్లబండి మీద తిరిగారు. ఆ గడ్డి చేసిన పని ఇప్పుడు గాలి చేస్తున్నది.

ఎండను గూర్చి ఒక మాట. కొత్తగా తయారయ్యే లారీల డ్రైవరు క్యాబిన్‌కు ఏ.సి. తప్పనిసరి చేశారు. కాని ఆ నిబంధన 3.5 టన్నులకు మించిన బండ్లకే. మన పికప్‌లకు వర్తించదు గనుక ఏ.సి. ఉన్న రకమే కావాలని అడిగి తీసుకోవాలి. కొత్తగూడెం వైపు మే నెలలో ప్రయాణించినవారికి ఇది విలాసమని ఎవరూ చెప్పనక్కరలేదు.

చివరకు క్యాంపర్ తీసుకున్నాము. ఇది సరకు బండిగానే రిజిస్టరు అవుతుంది గనుక క్యాబిన్‌లో కూర్చునేవారి కోసం పాలసీలో అదనపు ప్రీమియం వేరుగా కట్టాము. ఇది అడగకపోతే ఎవరూ చెప్పరు. కారు లైసెన్సుతో నడపవచ్చునా అన్న సందేహము కూడా తీరింది: 7,500 కిలోల లోపు బండిని ఎల్.ఎం.వి. లైసెన్సుతో నడపవచ్చునని సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనము 2024 నవంబరులో తేల్చింది. మరొకటి, 2014లో కూనవరం, చింతూరు మండలాలు ఆంధ్రప్రదేశ్‌లో చేరాయి. భద్రాచలం దాటి చుట్టాల ఊరికి సామాను వేసుకొని పోతే రాష్ట్రము దాటినట్లే. మొత్తము బరువు 3,000 కిలోలకు మించని సరకు బండికి పర్మిట్ అవసరము లేదని చట్టము. ఆర్.సి.లో ఆ అంకె చూసుకున్న తరువాతనే సంతకము పెట్టాము.

డ్రైవరు కాక నలుగురు. తొట్టిలో మనిషి ఎక్కకూడదు. ఈ నియమము వలన మొదటి నెలలోనే ఒక కుటుంబానికి కోపం వచ్చింది. పెండ్లికి బంధువులను తొట్టిలో ఎక్కించుకుంటామన్నారు, తాళము ఇవ్వలేదు. రెండు ఆదివారాలు వారు ఆరాధనకు రాలేదు. మూడవ వారము ఆ ఇంటి అవ్వకు ఆయాసము వచ్చి రాత్రి పదకొండు గంటలకు ఫోను చేశారు. వెనుక సీటులో ఆమెను కూర్చోబెట్టి, కోడలు ప్రక్కన పట్టుకోగా ఖమ్మం చేర్చాము. అవ్వ ఇప్పుడు బాగున్నది. పెండ్లి మాట ఆ ఇంట మళ్ళీ ఎవరూ ఎత్తలేదు, మేమూ ఎత్తలేదు.

బస్తాలకు కిరాయి ఎంత తీసుకోవాలో ఇంకా తేలలేదు. డీజిల్ ఖర్చు మాత్రమే చాలునని కొందరు, వాయిదా కూడా రావాలని కోశాధికారి. వచ్చే కమిటీలో మాట్లాడతాము. మిర్చి రెండవ కోత అప్పటికి మొదలవుతుంది.