రవిక అంచు కింది నొప్పి

బరంపురం తెలుగిళ్లలో కుడి డొక్కలో నొప్పి అంటే ముందు వాముపొడి, తరవాత గ్యాస్ మాత్ర. రెండింటికీ లొంగకపోతే స్కానింగు. అందులో రాళ్లు కనబడితే ఇంట్లోవాళ్లకి ఒకరకంగా ఊరటే, జబ్బుకి పేరు దొరికింది కదా! ఏమీ కనబడకపోతేనే రోగి కష్టాలు మొదలవుతాయి.

మా పిన్నికి అదే అయింది. కాలేయం బాగుంది, పిత్తాశయంలో రాళ్లు లేవు, రక్తంలో కామెర్ల జాడ లేదు. "అంతా మనసులోనే ఉంది పిన్నీ, ఆలోచనలు తగ్గించు" అనడం మొదలెట్టారు. నొప్పి కంటే ఆ మాటే ఆవిణ్ణి ఎక్కువ కుంగదీసింది.

పిన్నికి ఒడియా అర్థమవుతుంది గానీ బాధ చెప్పుకోవాలంటే తెలుగే. అందుకని చిన్నాన్న పక్కన కూచుని డాక్టర్లకి ఒడియాలో చెప్పేవాడు. ఆవిడ ఎన్ని చెప్పినా ఆయన నోట వచ్చేది కడుపునొప్పి అన్న ఒక్క మాటే. తెలుగు తెలిసిన ఒక డాక్టరమ్మ మాత్రం, "మీరుండండి బాబూ, అమ్మనే చెప్పనివ్వండి" అంది.

"రవిక అంచు తగిలితే చాలు తల్లీ, కారం రాసినట్టు మండిపోతోంది. తింటే పెరగదు, పస్తున్నా తగ్గదు. వీపు నించి ముందుకి చుట్టుకొస్తోంది."

డాక్టరమ్మ అక్కడ దూదితో మెల్లగా రాసింది. పిన్ని ఉలిక్కిపడింది. "ఇది లోపలిది కాకపోవచ్చమ్మా, నరానిది కావచ్చు. పొక్కులు లేస్తే ఆ పూటే రండి" అంది. ఆ వారంలోనే లేచాయి. అక్కి! చిన్నప్పుడు ఆటలమ్మ పోసిన వైరస్ నరాల మొదళ్లలో దాగుండి, ముసలితనంలో మళ్లీ తలెత్తడమే అక్కి. పొక్కులకి ముందే నొప్పి రావడం దాని తీరు. మా అమ్మమ్మ కాలంలో కుమ్మరిచేత జాజుతో రాయించేవారు. ఇప్పుడు వైరస్‌ని అణిచే మాత్రలున్నాయి. పొక్కులు లేచిన 72 గంటల్లోపు మొదలెడితే బాగా పనిచేస్తాయి.

ఆ చోట నొప్పికి కారణాలు ఇంకా చాలా ఉన్నాయి. పిత్తాశయంలో రాళ్లని ఇట్టే పట్టే అల్ట్రాసౌండు, పిత్తనాళంలోకి జారిన రాయిని ఒక్కోసారి చూడలేదు. రాయి లేకుండానే పిత్తాశయం సరిగా ముడుచుకోకపోవచ్చు. ఆంత్రమూలంలో పుండు, కాలేయంలో చీముగడ్డ, కుడి ఊపిరితిత్తి అడుగున న్యుమోనియా, కుడి మూత్రపిండంలో రాయి, ఒక్కోసారి గుండెపోటు కూడా అక్కడే నొప్పి పుట్టిస్తాయి. సికిల్ సెల్ ఎక్కువగా ఉన్న ఒడిశాలో ఇంకో మాటా గుర్తుంచుకోవాలి. ఆ జబ్బులో ఎర్రకణాలు త్వరగా విరిగిపోతాయి కాబట్టి, పిత్తాశయంలో రాళ్లు చిన్నపిల్లలకీ రావచ్చు.

బరంపురంలో 1962లో మొదలైన ఎంకేసీజీ వైద్య కళాశాల ఆసుపత్రికి గంజాం పల్లెల నించే కాదు, ఇటు ఇచ్ఛాపురం నించీ వస్తారు. ఎంత పెద్దాసుపత్రి అయినా, రోగి మాట సగం చేరితే సగమే తెలుస్తుంది.

అందుకే, వెంట వెళ్లేవాళ్లకి నా మనవి. నొప్పి ఎప్పుడొస్తోంది, తిండితో పెరుగుతోందా, ఊపిరి పీలిస్తే పొడుస్తోందా, తాకితే మండుతోందా అని అడిగి, వాళ్లు చెప్పింది చెప్పినట్టు డాక్టరు చెవిన వెయ్యండి. చలిజ్వరం, పచ్చబడ్డ కళ్లు, ఆయాసం, చెమటలు తోడైతే మాత్రం తెల్లారేదాకా ఆగకండి.